పాత స్టాండు వెనక కొత్త స్టాండు

లివర్‌పూల్ నగరంలో స్టాన్లీ పార్కుకు ఒక పక్క ఆన్‌ఫీల్డ్, ఇంకో పక్క గూడిసన్ పార్క్. ఒకదాని నుంచి ఇంకోదానికి తీరిగ్గా నడిచి వెళ్లొచ్చు. ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ క్లబ్బు ఆడుతుంది, గూడిసన్‌లో 2025 మే దాకా ఎవర్టన్ పురుషుల జట్టు ఆడింది. పాత మైదానాన్ని బాగుచేసుకోవాలా, వదిలేసి కొత్తది కట్టుకోవాలా అన్న ప్రశ్న ఈ రెండు క్లబ్బులనూ దశాబ్దాలపాటు వేధించింది. చివరికి లివర్‌పూల్ ఉండిపోయింది, ఎవర్టన్ వెళ్లిపోయింది. ఉండిపోవడానికి లివర్‌పూల్‌కు దొరికిన ఉపాయం అట్లాంటిక్ అవతల, అమెరికాలోని ఒక బేస్‌బాల్ మైదానంలో పుట్టింది.

అసలు ఈ రెండు క్లబ్బులు వేరుగా ఉండడానికే మైదానం తగాదా కారణం. 1884 నుంచి ఆన్‌ఫీల్డ్‌లో ఆడింది ఎవర్టన్. 1891లో లీగ్ టైటిల్ గెలిచింది కూడా అక్కడే. మైదానం యజమాని జాన్ హౌల్డింగ్ అనే బీరు వ్యాపారి. అద్దె దగ్గర, పెత్తనం దగ్గర క్లబ్బు సభ్యులకు, ఆయనకు చెడింది. సభ్యులు పార్కు అవతల స్థలం చూసుకుని 1892 ఆగస్టు 24న గూడిసన్ పార్క్ తెరిచారు. హౌల్డింగ్ చేతిలో ఖాళీ మైదానం మిగిలింది. దానిలో ఆడడానికి ఆయన ఒక కొత్త క్లబ్బునే పెట్టాడు. అదే లివర్‌పూల్.

1906లో ఆన్‌ఫీల్డ్‌లో ఒక గోల్‌పోస్టు వెనక ఎత్తయిన మట్టిదిబ్బ మీద నిలబడి చూసే గ్యాలరీ కట్టారు. స్థానిక పత్రిక క్రీడా సంపాదకుడు ఎర్నెస్ట్ ఎడ్వర్డ్స్ దానికి స్పియన్ కాప్ అని పేరు సూచించాడు. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధంలో, 1900 జనవరిలో, ఆ పేరుగల కొండ మీద లివర్‌పూల్ పరిసరాల లాంకషైర్ రెజిమెంట్ల సైనికులు వందల్లో చనిపోయారు. మనవాళ్లకు ఇందులో ఒక సంగతి చెప్పాలి. ఆ పోరులో గాయపడ్డవాళ్లను డోలీల మీద మోసుకొచ్చిన భారతీయ దళాన్ని నడిపినవాళ్లలో గాంధీ ఒకరు. దళంలో ఎక్కువమంది నేటాల్ చెరకు తోటల ఒప్పంద కూలీలు. ఆ తోటలకు మద్రాసు రేవులో ఓడలెక్కి వెళ్లినవాళ్లలో తెలుగు జిల్లాలవాళ్లు చాలామంది. అర్ధరాత్రి దాకా మేలుకుని టీవీలో ఆన్‌ఫీల్డ్ మ్యాచ్ చూసే తెలుగు కుర్రాళ్లకు ఈ ముడి తెలిస్తే బాగుండుననిపిస్తుంది.

1989 ఏప్రిల్ 15 వచ్చేదాకా ఇంగ్లండ్‌లో మైదానాలు ఎంత పాతబడినా అలాగే నడిచాయి. ఆ రోజు షెఫీల్డ్ నగరంలోని హిల్స్‌బరో మైదానంలో తొక్కిసలాట జరిగింది. ఇనుప కంచెలకు నొక్కుకుపోయి, ఊపిరాడక, 97 మంది లివర్‌పూల్ అభిమానులు చనిపోయారు. 1990లో వచ్చిన టేలర్ నివేదిక నిలబడి చూసే గ్యాలరీలు తీసేసి సీట్లు వేయాలంది. పైరెండు డివిజన్ల క్లబ్బులకు 1994 ఆగస్టు గడువు. 1994 ఏప్రిల్ 30న కాప్ చివరిసారి నిలబడి మ్యాచ్ చూసింది. సీట్లు వేశాక జనం పట్టే చోటు బాగా తగ్గింది. ఆన్‌ఫీల్డ్ మొత్తం సామర్థ్యం 45 వేల దగ్గర ఆగింది. మాంచెస్టర్ యునైటెడ్ మాత్రం ఓల్డ్ ట్రాఫర్డ్‌ను పెంచుకుంటూ పోయింది. మ్యాచ్‌కు పాతిక వేల టికెట్లు తక్కువ అమ్ముకుంటూ పోటీలో నిలబడడం ఎలాగన్న బెంగ లివర్‌పూల్‌ను పట్టుకుంది.

2002లో క్లబ్బు తన జవాబు చెప్పింది: పక్కనున్న స్టాన్లీ పార్కులోనే కొత్త స్టేడియం. 2007 ఫిబ్రవరిలో టామ్ హిక్స్, జార్జ్ జిలెట్ అనే ఇద్దరు అమెరికన్లు క్లబ్బును కొన్నారు. అరవై రోజుల్లో పార కదులుతుందన్నారు. కొత్త నమూనా గీయించారు. కొనుగోలుకు తెచ్చిన అప్పు క్లబ్బు మీద బరువైంది, 2008 ఆర్థిక సంక్షోభంతో కొత్త అప్పు పుట్టలేదు, పార్కులో ఏదీ లేవలేదు. చివరికి ఆ కట్టని స్టేడియం కోసం అయిన దాదాపు 5 కోట్ల పౌండ్ల ఖర్చును తర్వాతి యజమానులు నష్టాల కింద రాసేశారు.

డబ్బు నష్టం కన్నా నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇళ్ల సంగతి. ఉన్నచోటే పెంచవలసి వస్తే స్థలం కావాలి కదా అని మైదానం వెనక లోథెయిర్ రోడ్డు లాంటి వీధుల్లో క్లబ్బు 1990లలోనే ఇళ్లు కొనడం మొదలుపెట్టింది. కొన్న ఇళ్లను కూల్చలేదు, ఎవరికీ అద్దెకూ ఇవ్వలేదు. కిటికీలకు ఇనుప రేకులు బిగించి వదిలేసింది. వరసగా అంటుకుని ఉండే ఇళ్లవి. మధ్యలో ఒక ఇల్లు పాడుబడితే అటూ ఇటూ ఉన్నవాళ్లకు చెమ్మ, ఎలుకలు, చీకటి పడితే భయం. ధరలు పడిపోయి, అమ్ముకుని పోదామన్నా కొనేవాడు లేడు. ఉంటారో పోతారో క్లబ్బు తేల్చదు. కొత్త స్టేడియం అంటున్నన్నాళ్లూ ఈ ఇళ్లు ఎందుకన్న ప్రశ్నకు జవాబు లేదు. అలా పదిహేనేళ్లకు పైగా గడిచాయి. అంతకుముందు ఇంకో పక్క స్టాండు కోసం ఒక వీధి మొత్తం కొన్నప్పుడు ఇద్దరు అక్కచెల్లెళ్లు తమ ఇల్లు అమ్మబోమని ఏళ్ల తరబడి పట్టుబట్టారు, ఆ పని 1990 దాకా ఆగింది. వాళ్ల మొండితనాన్ని అప్పట్లో వింతగా చెప్పుకున్నారు. లోథెయిర్ రోడ్డు గతి తెలిశాక నేను వాళ్లను తప్పుపట్టలేను.

2010 అక్టోబరులో, లండన్ కోర్టు దాకా వెళ్లిన గొడవ తర్వాత, క్లబ్బు 30 కోట్ల పౌండ్లకు జాన్ హెన్రీ బృందం చేతికి వచ్చింది. వాళ్లకు బోస్టన్‌లో రెడ్ సాక్స్ అనే బేస్‌బాల్ జట్టు, దానికి ఫెన్‌వే పార్క్ అనే మైదానం ఉన్నాయి. ఆ మైదానం 1912 నాటిది. వీళ్లకన్నా ముందున్న యజమానులు 1999లో దాన్ని వదిలేసి పక్కనే అలాంటిదే పెద్దది కడతామన్నారు. ఊళ్లోవాళ్లు ఊరుకోలేదు. సేవ్ ఫెన్‌వే పార్క్ పేరుతో ఒక బృందంగా ఏర్పడి, ఆర్కిటెక్టులను పిలిచి కూర్చోబెట్టి, ఉన్నదాన్నే ఎలా పెంచవచ్చో బొమ్మలు గీయించి చూపించారు. వద్దన్నవాళ్లే ఇలా చేయవచ్చని కాగితం మీద పెట్టడం వల్ల ఆ వాదనకు బలం వచ్చింది. ఈ కథలో నేను ఎక్కువ గౌరవించేది వాళ్లనే.

2002లో రెడ్ సాక్స్‌ను కొన్న హెన్రీ బృందం జానెట్ మేరీ స్మిత్‌ను పిలిచింది. బాల్టిమోర్‌లో పాత ఇటుక గోదామును కలుపుకుని 1992లో తెరిచిన కామ్డెన్ యార్డ్స్ మైదానం వెనక ఉన్న ఆలోచన చాలావరకు ఆమెదే. ఫెన్‌వేలో ఆమె పద్ధతి తేలికగా అర్థమవుతుంది. ఆటలు లేని చలికాలంలోనే పని. ఏటా ఒక ముక్క. ఆట మొదలయ్యే వేళకు మైదానం సిద్ధం. 2003లో ఎడమ వైపున్న 37 అడుగుల గోడ మీద సీట్లు వేశారు, మరుసటి ఏడు కుడివైపు కప్పు మీద వేశారు. అంతకుముందు ఎవరూ వాడని చోట్లవి. అవే ఊళ్లో అందరూ కోరుకునే సీట్లయ్యాయి. ఒక్క సీజన్ కూడా జట్టు ఇంకో చోటికి పోలేదు, ఒకేసారి కొండంత అప్పు చేయవలసిన అవసరం రాలేదు. 2005లో ఇక ఇక్కడే ఉంటామని ప్రకటించారు.

ఆన్‌ఫీల్డ్‌కు వచ్చేటప్పుడు వాళ్లు వెంట తెచ్చుకున్న లెక్క ఇది. 60 వేల సీట్ల కొత్త స్టేడియం కడితే 60 వేల సీట్లకూ ఖర్చు పెట్టాలి, కాని అదనంగా డబ్బు తెచ్చేవి పదిహేను వేల సీట్లే, మిగతా 45 వేలు ఇప్పటికే సంపాదిస్తున్నాయి. ఉన్నదానికి పదిహేను వేలు కలిపితే ఆ పదిహేను వేలకే ఖర్చు. ఇంత చిన్న లెక్క పదేళ్లు ఎవరికీ తట్టలేదా అనిపిస్తుంది. తట్టింది, కాని అడ్డంకులున్నాయి. ఇంగ్లండ్ చట్టంలో వెలుతురు హక్కు అని ఒకటుంది. ఇరవై ఏళ్లుగా ఒక ఇంటి కిటికీలోకి వస్తున్న వెలుతురును పక్క కట్టడం అడ్డుకుంటే ఆ ఇంటాయన కోర్టుకు వెళ్లవచ్చు. ఎత్తయిన స్టాండు కడితే వీధి మొత్తం దావా వేయవచ్చు. అందుకని నగర కౌన్సిల్, ఇళ్ల సంఘం కలిసి ఆ ప్రాంతం మొత్తాన్ని బాగుచేసే ప్రణాళికలో మైదానం విస్తరణను కలిపాయి. 2012 అక్టోబరులో ఆన్‌ఫీల్డ్‌లోనే ఉంటున్నామని క్లబ్బు ప్రకటించింది. మిగిలిన ఇళ్లు కొన్నారు, 2014లో వీధులు కూల్చారు.

కట్టిన తీరు చూడదగ్గది. ఉన్న స్టాండులో జనం కూర్చుని మ్యాచ్‌లు చూస్తూనే ఉన్నారు. వాళ్ల వీపు వెనక, కూల్చిన ఇళ్ల స్థలంలో, కొత్త స్టాండు ఉక్కు చట్రం లేచింది. 2015 జూలైలో 140 మీటర్ల పొడవు, 650 టన్నుల బరువున్న పైకప్పు దూలాన్ని క్రేన్లతో ఎత్తి కూర్చోబెట్టారు. 2016 వేసవిలో, ఆటలు లేని ఆ కాస్త వ్యవధిలో, పాత కప్పు విప్పేసి కింది అంచెను పై అంచెలతో కలిపారు. కొత్త సీజన్ మొదటి మూడు లీగ్ మ్యాచ్‌లు బయటి ఊళ్లలో ఆడారు. సెప్టెంబరు 10న లెస్టర్‌తో మ్యాచ్‌కు స్టాండు తెరిచారు, 4-1తో గెలిచారు. దీనితో ఎనిమిది వేల పైచిలుకు సీట్లు చేరాయి. రెండో విడతలో ఆన్‌ఫీల్డ్ రోడ్డు వైపు మరో ఏడు వేలు వచ్చాయి. దానికోసం రోడ్డునే వంపు తిప్పారు. మధ్యలో కాంట్రాక్టు సంస్థ దివాలా తీసి పని ఆగింది. చివరికి 2024లో సామర్థ్యం 61 వేలకు చేరింది. రెండు విడతలకూ కలిపి సుమారు 20 కోట్ల పౌండ్లు అయింది.

ఇదంతా ఉదారంగా జరిగిందనుకోవద్దు. కొత్త స్టాండులో కొన్ని టికెట్లకు 77 పౌండ్లు పెడతామని యజమానులు ప్రకటించారు. 2016 ఫిబ్రవరి 6న సండర్లాండ్‌తో మ్యాచ్‌లో 77వ నిమిషానికి వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి 2-0తో ముందున్న జట్టు 2-2తో ముగించింది. కొద్ది రోజుల్లో యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకున్నారు. మైదానాన్ని నిలబెట్టడం ఎంత ముఖ్యమో అందులోకి పాతవాళ్లు రాగలగడం అంత ముఖ్యం. ఆ మాట అభిమానులు కాళ్లతో చెప్పారు.

ఇక ఎవర్టన్. గూడిసన్ పార్క్ 1966 ప్రపంచ కప్ సెమీఫైనల్ చూసిన మైదానం. ఒక మూల చర్చి, ఒక వైపు బడి, చుట్టూ ఇళ్లు. పాత స్టాండ్లలో స్తంభాలు అడ్డొచ్చి ఆట కనిపించని సీట్లు బోలెడు. నదీతీరాన కింగ్స్ డాక్‌లో కడదామంటే తన వాటా 3 కోట్ల పౌండ్లు సమకూరక 2003లో అది చేజారింది. నగరం బయట కర్క్‌బీలో సూపర్‌మార్కెట్‌తో కలిసి కడతామంటే 2009లో ప్రభుత్వం కాదంది. వాల్టన్ హాల్ పార్క్ ఆలోచన కూడా మొదట్లోనే ఆగింది. చివరికి బ్రామ్లీ-మూర్ డాక్. 1848 నాటి ఆ రేవును సముద్రపు ఇసుకతో పూడ్చి పని మొదలుపెట్టారు. 2021 జూలైలో యునెస్కో లివర్‌పూల్ రేవు ప్రాంతానికి ప్రపంచ వారసత్వ హోదా తీసేసింది, చెప్పిన కారణాల్లో ఈ స్టేడియం ఒకటి. ఖర్చు 75 కోట్ల పౌండ్లు దాటిందంటారు. అది కడుతున్న రోజుల్లోనే ఖర్చు నిబంధనలు మీరినందుకు లీగ్‌లో క్లబ్బుకు పాయింట్లు కోశారు, చివరకు యాజమాన్యమే మారింది. 2025 ఆగస్టు 24న, గూడిసన్ తెరిచిన రోజుకు సరిగ్గా 133 ఏళ్లకు, అక్కడ తొలి లీగ్ మ్యాచ్‌లో బ్రైటన్‌ను 2-0తో ఓడించారు. సుమారు 53 వేల మంది కూర్చునే చోటు, ఏ స్తంభమూ అడ్డురాదు.

లివర్‌పూల్ ఉండిపోవడం సరైనదని నా అభిప్రాయం. ఎవర్టన్ వెళ్లిపోవడం కూడా సరైనదే. బడి, చర్చి, మూడు వైపులా ఇళ్లు ఉన్నచోట గూడిసన్‌ను 50 వేలకు పెంచాలంటే ఇంకో లోథెయిర్ రోడ్డును తయారుచేయాలి. నేను తప్పుపట్టేది రెండు క్లబ్బులూ తేల్చుకోకుండా గడిపిన ఏళ్లను. ఆ ఏళ్ల ధర కట్టింది చుట్టుపక్కల వీధులవాళ్లు.

గూడిసన్ మాత్రం కూలలేదు. ఎవర్టన్ మహిళల జట్టుకు దాన్ని సొంత మైదానంగా ఉంచుతున్నామని క్లబ్బు 2025 మేలో ప్రకటించింది, ఆ ఏడు సీజన్ నుంచి వాళ్లు అక్కడ ఆడుతున్నారు. చాలా మంచి నిర్ణయం. అయితే, మైదానం కూల్చి ఆ స్థలంలో ఇళ్లు, ఆరోగ్య కేంద్రం కడతామన్న పాత ప్రణాళిక ఒకటి వాల్టన్ వీధులవాళ్ల ముందు పెట్టారు. ఇప్పుడు అవి ఎక్కడ వస్తాయో, వస్తాయో రావో, క్లబ్బు వాళ్లకు తేటగా, త్వరగా చెప్పాలి.