రేడియో మేస్త్రి నుండి డిప్లొమా వరకు

రేడియో పలికినంతకాలము దాని లోపల ఏమున్నదో మనము ఆలోచింపము. అది మూగపోయిన నాడు మాత్రము ఒక మనిషి కొరకు వెదకుదుము. ఆ మనిషి రేడియోను కనిపెట్టిన శాస్త్రజ్ఞుడు కాడు, దానికి నమూనా గీసిన ఇంజనీరును కాడు. పటములోని గీతలను చదివి, తప్పెక్కడనో పోల్చి, తన చేతితో సరిదిద్దగలవాడు. టెక్నీషియన్ అని అందరును పిలుచు ఈ నడిమి మనిషిని మన తెలుగుసీమ ఎట్లు తయారుచేసుకొన్నదో ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

కథను ఎల్లారెడ్డి ప్రాంతమునుండియే మొదలుపెట్టవచ్చును. మంజీరా నదికి అడ్డముగా నిజాంసాగరు నిర్మాణము 1923లో ఆరంభమై 1931లో ముగిసినది. ఆ పనిని నడిపించిన నవాబు అలీ నవాజ్ జంగ్ ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో చదివినవాడు. ఆనాడు ఉన్నతమైన ఇంజనీరింగు విద్య కొరకు సముద్రము దాటినవారిలో ఆయన యొకడు. ఆనకట్ట పూర్తికాకముందే, 1929లో, హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల వెలసినది. పైమెట్టు చదువు ఇంటి ముంగిటికి వచ్చినది. నడిమి మెట్టు విద్య మాత్రము చాలకాలము పనిచోటనే, పెద్దల వెంట తిరిగి నేర్చుకొనునదిగా ఉండెను.

రేడియో విషయమును అట్టిదే. హైదరాబాదు దక్కన్ రేడియో 1935లో నిజాం ప్రభుత్వము క్రిందికి వచ్చినది, 1950లో ఆకాశవాణిలో చేరినది. విజయవాడ కేంద్రము 1948లో ప్రారంభమైనది. ఇండ్లలో సెట్లు పెరిగినకొలది బజారులో మరమ్మతు దుకాణములు పెరిగినవి. అక్కడి చదువు ఉస్తాదు చేతి చదువు. కుర్రవాడు మొదట దుమ్ము తుడుచును, పిదప తీగలు అతుకుట నేర్చును, ఆ పిమ్మట వాల్వు మార్చును. వాల్వులోని ఫిలమెంటు వెలుగును, వేడెక్కును. ఆరిపోయినది ఏదో కన్ను చెప్పును, చేయి చెప్పును. కారణము అడిగిన చెప్పలేకపోయినను సెట్టు పలికెడిది. ఆ నేర్పును చులకన చేయరాదు.

అయితే 1947 చివర అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. అది వెలుగదు. దాని లోపమును కనుగొనుటకు మీటరుతో వోల్టేజి కొలవవలెను, సర్క్యూటు పటముతో పోల్చవలెను, ఏ చోట ఎంత ఉండవలెనో లెక్క తెలియవలెను. వాల్వు మార్చుట మాత్రమే నేర్చినవానికి కొత్త సెట్టు తాళము వేసిన పెట్టె అయినది. వాల్వు ఎందుకు పనిచేయునో ఎరిగినవాడు కొద్ది శ్రమతో ట్రాన్సిస్టరును కూడ వశపరచుకొనెను.

సూత్రమును చేతిపనిని జతచేయు బడులు ఇందుకే అవసరమైనవి. 1945లో అఖిలభారత సాంకేతిక విద్యామండలి ఏర్పడినది. 1950లో చేతిపనుల శిక్షణ పథకము మొదలై, దానినుండి ఐ.టి.ఐ.లు పెరిగినవి. 1961లో అప్రెంటిసు చట్టము వచ్చినది. పదవ తరగతి పిమ్మట మూడేండ్ల డిప్లొమా నిచ్చు పాలిటెక్నిక్కులు ఐ.టి.ఐ.కిని ఇంజనీరింగు కళాశాలకును నడుమ నిలిచినవి.

ఈ చదువునకు పనిచూపిన సంస్థ హైదరాబాదులోనే పుట్టినది. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు గ్రామమువారైన అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపింపబడినది. అణురియాక్టర్ల నియంత్రణ పరికరములు, కంప్యూటర్లు, టెలివిజను సెట్లు అక్కడ తయారైనవి. ఒక్కొక్క ఇంజనీరు గీసిన పటమును పనిచేయు యంత్రముగా మార్చుటకు పలువురు టెక్నీషియన్లు కావలసివచ్చిరి. 1974లో రామంతపూరున ఎలక్ట్రానిక్సు కొరకు ఉన్నత శిక్షణాసంస్థ స్వీడను దేశపు సహాయముతో వెలసినది.

నేడు పరిస్థితి ఏమి? డిప్లొమా పొందినవారు ఈసెట్ పరీక్ష వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరవచ్చును. ఇది పేదపిల్లలకు గొప్ప వరము. దీనిని మేము కాదనము. కాని డిప్లొమా కేవలము ఎక్కి విడిచిపెట్టు మెట్టుగా మారినచో, ప్రయోగశాలలో మీటరు పట్టుటకు బదులు రికార్డు నకలు వ్రాయుటయే మిగులును. పట్టా ఉండును, పని రాదు. ఒకనాటి మేస్త్రికి చేయి ఉండి సూత్రము లేకపోయెను. ఇట్టి పట్టభద్రునికి సూత్రము కంఠస్థమై చేయి కరవగును. రెండును ఒకే లోపమునకు రెండు ముఖములు.

దాని ఫలితము పల్లె అనుభవించును. 2016లో కామారెడ్డి జిల్లాలో చేరిన ఎల్లారెడ్డి సీమలో రైతు మోటారు మొదలు చేతిలోని ఫోను వరకు అన్నియు ఎలక్ట్రానిక్సుతో ముడిపడినవి. నాట్ల వేళ మోటారు ఆగినచో పైరు ఇంజనీరు రాక కొరకు వేచియుండదు.

కావున కుమారుని, కుమార్తెను పాలిటెక్నిక్కున చేర్చు తలిదండ్రులు ర్యాంకుతోపాటు మరియొకటి అడుగవలెను. అక్కడ పిల్లలు పాడైన యంత్రమును విప్పుదురా, విప్పినదానిని తిరిగి పలికింతురా? ఈ ప్రశ్నకు ఔనని చెప్పగల బడియే మంచి బడి.