చలి కట్టిన మెట్లు: కర్బన స్ఫటికాలలో క్వాంటం హాల్ ఫలితం

సూరత్‌లో పవర్‌లూమ్‌ల మీద బతుకుతున్న మన తెలుగు నేత కుటుంబాల పిల్లలకు పాలియెస్టర్ గురించి వేరే చెప్పనక్కరలేదు. రాపిడికి చిటపటమంటుంది, ఒంటికి అంటుకుంటుంది. అందులో చేరిన విద్యుదావేశానికి పారిపోయే దారి లేకపోవడమే కారణం. కర్బన పదార్థాలు చాలావరకు ఇలాంటి విద్యుద్బంధకాలే. అటువంటి కర్బనమే లోహంలా విద్యుత్తును ప్రసరింపజేసి, క్వాంటం మెట్లు కూడా చూపించిందంటే వింత కాదా?

ముందు మెట్ల సంగతి చూద్దాం. విద్యుత్ ప్రవహిస్తున్న రేకును అయస్కాంత క్షేత్రంలో ఉంచితే, ప్రవాహానికి అడ్డంగా వోల్టేజి పుడుతుందని 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్నాడు. ఆ వోల్టేజిని ప్రవాహంతో భాగిస్తే వచ్చేది హాల్ నిరోధం. ఇది సాఫీగా మారవలసింది. కాని 1980లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో క్లౌస్ ఫాన్ క్లిట్జింగ్ బాగా చల్లబరచిన సిలికాన్ పరికరాన్ని పరీక్షించినప్పుడు అది మెట్లుమెట్లుగా కనిపించింది. ఒక్కొక్క మెట్టు విలువ 25,813 ఓములను ఒక పూర్ణసంఖ్యతో భాగించినంత. ఇందుకు ఆయనకు 1985లో నోబెల్ బహుమతి లభించింది.

అదే 1980లో మరో వార్త వెలువడింది. డెన్మార్క్ రసాయనవేత్త క్లౌస్ బెక్‌గార్డ్ తయారుచేసిన కర్బన స్ఫటికంలో డెనీ జెరోమ్ బృందం అతివాహకత్వాన్ని కనుగొంది. అందుకు సుమారు 1 కెల్విన్, అంటే మైనస్ 272 డిగ్రీల సెల్సియస్ చలి, సుమారు 12 వేల వాతావరణాల పీడనం కావలసి వచ్చాయి. 1989లో ఈ కోవ స్ఫటికంలోనే క్వాంటం హాల్ మెట్లను ఫ్రాన్స్, అమెరికా బృందాలు విడివిడిగా ప్రకటించాయి.

ఇక్కడ ఉష్ణోగ్రత పాత్ర ఏమిటి? సిలికాన్‌లో వేడి ఎలక్ట్రాన్లను పక్క శక్తిస్థాయిలకు ఎగదోస్తుంది. మెట్ల అంచులు అరిగిపోతాయి. కర్బన స్ఫటికంలో కథ ఇంకా లోతైనది. మామూలు స్థితిలో అక్కడ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు చాలా ఎక్కువ. మెట్లు కనిపించే అవకాశమే లేదు. గట్టి చలి, బలమైన అయస్కాంత క్షేత్రం కలిసినప్పుడు ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఒక అలలా బారులు తీరుతాయి. అధికభాగం ఎలక్ట్రాన్లు ఆ అలలో చిక్కుకుంటాయి. మిగిలిన కొద్దిపాటివి శక్తిస్థాయిలను సరిగ్గా నింపుతాయి. క్షేత్రం పెరిగేకొద్దీ అల తన పొడవును సర్దుకుంటుంది, కొత్త మెట్టు వస్తుంది. ఉష్ణోగ్రత కొన్ని కెల్విన్లు పెరిగితే ఆ అలే కరిగిపోతుంది. అంటే సిలికాన్‌లో వేడికి మెట్లు అరుగుతాయి. ఇక్కడ మెట్లను నిలిపిన గోడే కూలుతుంది.

2007లో గ్రాఫీన్‌లో గది ఉష్ణోగ్రత వద్దే క్వాంటం హాల్ ఫలితం కనిపించింది. అదీ కర్బనమే! కాని అందులో శక్తిస్థాయిల మధ్య ఎడం చాలా ఎక్కువ. గది వేడి దాన్ని సులభంగా దాటించలేదు. కాబట్టి "ఎంత చలి కావాలి?" అని మాత్రమే అడగకండి. "వేడి ఇక్కడ దేన్ని చెరుపుతోంది?" అని అడగండి. జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది.