మన చదువుల చరిత్ర - 6: అక్షరం దిద్దించిన చెయ్యి ఎవరిది?

డీఎస్సీకి చదువుతున్న మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు పెడగాజీ పేపరు కోసం ఫ్రోబెల్, మాంటిస్సోరి పేర్లు బట్టీ పడుతుంటారు. పిల్లలకు చదువు నిలవాలంటే కంటికి చూపించాలి, చేత్తో తాకించాలి అని వాళ్ళే మొదట చెప్పినట్టు గైడ్లలో ఉంటుంది. మాంటిస్సోరి 1907లో రోమ్‌లో పేదపిల్లల బడి తెరిచారు. గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి పిల్లల వేళ్ళతో తడిమించారు. గొప్ప పనే. కానీ ఆ సూత్రం ఈ నేలకు కొత్త కాదు. ఇక్కడే ఉన్న పద్ధతి మన వాడలకు ఎందుకు రాలేదో మాట్లాడుకుందాం.

వీధిబడిలో పిల్లవాడికి మొదట ఇచ్చేది పుస్తకం కాదు, ఇసుక. పంతులు ఇసుకలో అక్షరం గీస్తాడు. పిల్లవాడు ఆ గుంటలోనే వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ దిద్దుతాడు. గుంట ఓనమాలు అన్నది అందుకే. కన్ను చూస్తుంది, వేలు నడుస్తుంది, నోరు పలుకుతుంది. మూడూ కలిస్తే అక్షరం మనసులో దిగబడుతుంది.

ఈ ఇసుక ఎంత దూరం వెళ్ళిందో చూడండి. 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల పిల్లల ఆశ్రమానికి ఆండ్రూ బెల్ అనే పాదిరీ సూపరింటెండెంటుగా వచ్చాడు. అక్కడి నాటు బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలో పెట్టాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. అది 'మద్రాసు పద్ధతి'గా పేరుపడింది. ఆ తర్వాత జోసెఫ్ లాంకాస్టర్ లండన్ పేదపిల్లల్ని ఇసుకబల్లల ముందు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు.

మన దేశపు ఇసుక సముద్రం దాటి ఇంగ్లండు కూలోళ్ళ పిల్లలకు అందింది. ఊరి బడి నుంచి మాలవాడకు, మాదిగవాడకు, రెల్లివాడకు మాత్రం రాలేదు. ఇసుక ఖరీదైనదా? ఉద్దానం తీరమంతా ఇసుకే కదా!

కారణం ఇసుకలో లేదు, చేతిలో ఉంది. గుంట ఓనమాలు దిద్దించాలంటే పంతులు పిల్లవాడి చెయ్యి పట్టుకోవాలి. అంటరానివాడన్న పిల్లవాడి చెయ్యి ఎవరు పట్టుకుంటారు? అక్షరాన్ని నిలిపే ఉపాయం స్పర్శలో ఉంది. కులం ఉన్నదే స్పర్శను కోసెయ్యడానికి.

నల్లబల్ల వచ్చినా కథ మారలేదు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో లెక్క చెయ్యమని టీచరు పిలిస్తే బాలుడు అంబేడ్కర్ బోర్డు దగ్గరికి కదిలాడు. క్లాసంతా గగ్గోలు పెట్టింది. బోర్డు వెనక సవర్ణ పిల్లల టిఫిన్ డబ్బాలున్నాయి. అవి మైలపడతాయని పరిగెత్తి తీసుకున్నాకే ఆయన సుద్దముక్క పట్టగలిగాడు. అందరూ చూడ్డానికి పెట్టిన పలకను అందరూ తాకడానికి వీల్లేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. నౌపడా నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడి, గుణుపురం వెళ్ళే రైలు దారి మనకు తెలిసిందే. ఆ దారి వెంటే రెండు ప్రయోగాలు జరిగాయి.

మొదటిది గిడుగు రామమూర్తి గారిది. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో టీచరయ్యారు. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏళ్ళ తరబడి సవర నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్ళు పెట్టారు. 1931లో వచ్చిన ఆయన సవర భాషా గ్రంథం ఆ కృషికి ఫలం. పిల్ల ఎరిగిన మాటలోంచే ఎరగని అక్షరంలోకి వెళ్ళాలన్నది ఆయన సూత్రం. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి కొండ భాష దగ్గర శిష్యుడిగా కూర్చోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు, ఒప్పుకుందాం. అయితే ఆ గురువుకే భాష నేర్పిన గురువు సంగతి? కొండకూ మైదానానికీ మధ్య దుబాసీ పని తరతరాలుగా చేసినవాళ్ళలో ఎక్కువమంది పాణో, పైడి కులాలవాళ్ళు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినం సభల్లో దండ ఒక్క ఫోటోకే పడుతుంది.

రెండోది మంగేయి గొమాంగో అనే సవర పెద్దది. 1936 జూన్‌లో గుణుపురం వైపు కొండల్లో సవర భాషకు సొంత లిపి తీసుకొచ్చాడు. దాని పేరు సొరాంగ్ సొంపెంగ్. 24 అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఒక్కో దేవత పేరు. ఆ అక్షరాల రూపాన్నే గుడిలో పెట్టి కొలిచారు. అంటే దేవుడి దగ్గరికెళ్ళి దండం పెట్టిన ప్రతిసారీ అక్షరమాల కంటపడుతుంది! అంతకన్నా నిలిచే చార్టు ఉంటుందా? అక్షరాన్ని దేవుణ్ణి చెయ్యడం నాకు రుచించకపోయినా, మా అక్షరం మేమే చేసుకుంటామన్న ఆ ధైర్యానికి దండం పెడతాను. ఆ ఏడే అంబేడ్కర్ 'కులనిర్మూలన' అచ్చయింది.

సర్కారు ఈ దారికి ఆలస్యంగా వచ్చింది. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పేరుతో బడులకు నల్లబల్లలు, పటాలు, చార్టులు ఇవ్వడం మొదలైంది. తర్వాత డీపీఈపీ, సర్వశిక్షా అభియాన్ కాలంలో బోధన సామగ్రి తయారీకి టీచరుకు ఏడాదికి 500 రూపాయలిచ్చారు. టీఎల్ఎం మేళాలు జరిగాయి. అగ్గిపెట్టెలతో, ముంత చిప్పలతో, చింతగింజలతో అద్భుతాలు చేసిన టీచర్లున్నారు. 2004లో సవరతో సహా 8 భాషల్లో గిరిజన పిల్లలకు మాతృభాషా వాచకాలు మొదలయ్యాయి. గిడుగు వాచకాలు వేసిన దాదాపు వందేళ్ళకు!

కానీ బజారులో కొని గోడకు తగిలించే అక్షరమాల చార్టు చూడండి. 'ఋ' దగ్గర గడ్డం పెంచిన ఋషి. 'య' దగ్గర యజ్ఞం. 'ఐ' దగ్గర ఐరావతం. పలాసలో అమ్మ జీడిపిక్కలు ఒలిచి, ఆ జీడి తగిలి అరచేతి తోలు లేచిపోతున్న ఇంటి పిల్ల ఐరావతాన్ని ఎక్కడ చూసింది? ఆ పిల్ల ఒకేసారి రెండు కొత్తవి మోయాలి: తెలియని అక్షరం, తెలియని బొమ్మ. తర్వాత 'మీ పిల్లలకు బుర్రకెక్కదు' అంటారు.

సాయంత్రం బడులు నడిపే మిత్రులారా, మన చార్టు మనమే రాద్దాం. 'ఉ'కి నౌపడా ఉప్పు. 'జ'కి జీడిపిక్క. 'వ'కి వల. 'ప'కి పనస. 'డ'కి డప్పు. బ్రెజిల్‌లో పాలో ఫ్రెయిరే 1963లో అంగికోస్‌లో 300 మంది శ్రామికులకు 40 గంటల్లో చదువు చెప్పే పని పెట్టుకున్నాడు. మొదట వాళ్ళ బతుకు బొమ్మ చూపి మాట్లాడించాడు, ఆ మాటల్లోంచే అక్షరం తీశాడు. మరుసటి ఏడు సైనిక ప్రభుత్వం ఆయన్ని జైల్లో పెట్టింది. బొమ్మలకు అంత బలం ఉంది.

ఒక జాగ్రత్త. రెల్లిపిల్లకు చీపురు బొమ్మ ఒక్కటే చూపి ఇదే నీ లోకం అంటే అదీ కులమే. డప్పు పక్కన దుర్భిణి ఉండాలి, వల పక్కన రాకెట్టు ఉండాలి. బొమ్మ టీచరు ఒక్కడే గియ్యకూడదు, పిల్లలతో గీయించాలి.

మన వాడల్లో అన్నిటికన్నా పెద్ద చార్టు ఇప్పటికే నిలబడి ఉంది: చేతిలో పుస్తకంతో బాబాసాహెబ్ విగ్రహం. అక్షరం రాని ముసలమ్మకు కూడా ఆ పుస్తకం అర్థమవుతుంది. ఆ అరుగు మీదే నాలుగు గుప్పెళ్ళ ఇసుక పోసి, పక్కన కూర్చుని, ఒక పిల్ల చెయ్యి పట్టుకోండి.

జై భీమ్.