ఉత్తరంతో మొదలైన శాస్త్రం

ఇంగ్లండులోని హాంప్‌షైర్‌లో లె కోర్ట్ అనే వసతి గృహం ఉండేది. తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లలో చాలామంది అక్కడ చేరితే ఇక అక్కడే. రాత్రి ఎన్నింటికి పడుకోవాలన్నదానికీ పోరాడవలసి వచ్చేది. కండరాల క్షీణత వ్యాధి ఉన్న పాల్ హంట్ ఇరవయ్యేళ్లు నిండకుండానే, 1956లో, అక్కడికి వచ్చారు. తనను జనానికి దూరం చేసింది తన ఒళ్లా, లోకమా? ఆ ప్రశ్న ఆయనను వదల్లేదు. 1966లో వికలాంగులే రాసిన వ్యాసాలను కూర్చి ‘స్టిగ్మా’ అనే పుస్తకం తెచ్చారు.

తమ బతుకును శాస్త్రీయంగా పరిశీలిస్తే మేలు జరుగుతుందని లె కోర్ట్ వాసులు నమ్మారు. పరిశోధకులను వాళ్లే కోరి పిలిపించుకున్నారు. టావిస్టాక్ సంస్థ నుంచి ఎరిక్ మిల్లర్, గెరాల్డిన్ గ్విన్ వచ్చి పరిశీలించారు. 1972లో వాళ్ల పుస్తకం వెలువడింది. సమాజం లెక్కలో వీళ్లు ముందే చనిపోయినవాళ్లు, ఒంటికి చావు వచ్చేదాకా గడుపుకు రావడమే ఇలాంటి సంస్థల పని అని అందులో తేలింది. ఆ స్థితిని ఎదిరించాలని రాయలేదు, సంస్థను ఇంకాస్త బాగా ఎలా నడపాలో రాశారు. ఆశగా ఎదురుచూసినవాళ్లకు అంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది?

అదే ఏడాది సెప్టెంబరు 20న గార్డియన్ పత్రికలో హంట్ ఉత్తరం అచ్చయింది. మన మాట మనమే చెప్పుకొనే సంఘం పెట్టుకుందాం, రండి అన్న పిలుపు అది. అలా పుట్టిన సంఘం యూపియాస్. సభ్యుల్లో కొందరు గడప దాటలేనివాళ్లు, కొందరు యాజమాన్యాల కనుసన్నల్లో ఉన్నవాళ్లు. అందుకే చర్చ చాలావరకు గోప్యంగా, చేతులు మారే లేఖల్లోనే సాగింది. ఒకరి వాదానికి మరొకరి జవాబు చేరేసరికి ఎన్ని రోజులు పట్టేదో! అంత ఓపికగా వాదించుకుని 1974లో తమ విధానపత్రం రాసుకున్నారు. పండిత సమాజం అంటే నాకు గుర్తొచ్చేది ఆ లేఖలే.

హంట్‌కు తోడుగా నిలిచిన విక్ ఫింకెల్‌స్టీన్ రాక ఒక అదృష్టం. దక్షిణాఫ్రికాలో జాతి వివక్షను ఎదిరించి జైలుపాలై, బ్రిటన్‌కు శరణార్థిగా వచ్చిన మనిషి. కుర్రతనంలో పోల్ వాల్ట్ ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని చక్రాల కుర్చీలో ఉండేవారు. మనుషులను వేరుచేసే కట్టుబాట్లు ఎలా ఉంటాయో ఆయనకు వేరే చెప్పనక్కర్లేదు.

1975లో యూపియాస్, పీటర్ టౌన్‌సెండ్ వంటి పేరున్న సామాజిక శాస్త్రవేత్త ఉన్న, వికలాంగులకు భత్యం కోరే డిజెబిలిటీ అలయన్స్‌తో ముఖాముఖి కూర్చుంది. పేదరికం పోవాలంటే భత్యం ఇస్తే చాలదని, వెలివేతే మూలమని పట్టుబట్టింది. ఒంటిలోని లోపం వేరు, దానిపై సమాజం మోపే వైకల్యం వేరు అన్న సూత్రం 1976లో ఆ చర్చతోపాటు అచ్చయింది. హంట్ 1979లో, నలభై రెండేళ్లకే కన్నుమూశారు. లె కోర్ట్‌ను పరిశీలించిన ఆ పరిశోధకులను నిలదీస్తూ ఆయన రాసిన వ్యాసం 1981లో గానీ వెలుగు చూడలేదు.

ఆ సూత్రాన్ని విశ్వవిద్యాలయాల్లో నాటినవారు మైక్ ఆలివర్. 1962లో ఈతకొలనులో దూకి మెడ విరిగిన ఆయన తరువాత సామాజిక శాస్త్రం చదివి, 1983లో ఆ సూత్రానికి ‘సామాజిక నమూనా’ అని పేరుపెట్టారు. 1986లో లెన్ బార్టన్‌తో కలిసి వైకల్యంపై ఒక పరిశోధన పత్రిక ప్రారంభించారు. చెదురుమదురుగా ఉన్నవాళ్లకు ఒక వేదిక దొరికింది.

వాదం అక్కడితో ఆగలేదు. నొప్పి, అలసట, ఆడవాళ్ల అనుభవం ఈ నమూనాలో ఎక్కడని 1991లో జెన్నీ మోరిస్ అడిగారు. ‘విమర్శనాత్మక వైకల్య అధ్యయనాలు’ అనే శాఖకు బలమిచ్చినవి ఇలాంటి ప్రశ్నలే. తరువాత ఆస్ట్రేలియా నుంచి హెలెన్ మీకోషా మరో ప్రశ్న వేశారు: వలస పాలన, యుద్ధాలు దక్షిణ దేశాల ప్రజలపై మోపిన వైకల్యాలను ఉత్తర దేశాల సిద్ధాంతాలు ఎందుకు లెక్కలోకి తీసుకోవు?