పిలిస్తేనే పలికే ఫోల్డర్

తెనాలిలో మా ఇంట్లో రెండు పాత కంప్యూటర్లకు బాపట్ల, రేపల్లె అని పేర్లు పెట్టుకున్నాను. రెండిటిలోనూ లైనక్సే. బాపట్లలో కూర్చుని స్లాష్ నెట్ అనే ఫోల్డర్‌లో ఏముందో చూద్దామని ఎల్ఎస్ కొడితే ఏమీ లేదు, శుద్ధ ఖాళీ. అదే చోట సీడీ కొట్టి ‘రేపల్లె’ అని పేరిస్తే, పక్కగదిలోని రేపల్లె పంచిపెట్టిన ఫైళ్లన్నీ క్షణంలో వచ్చి కూర్చున్నాయి. ఐదు నిమిషాలు ముట్టుకోకుండా వదిలేస్తే మళ్లీ మాయం. జాబితాలో లేని చోటికి వెళ్లగలగడం నాకు తెగ నచ్చేసింది. ఇది ఎవరికి తట్టిన ఊహ?

సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లకు. వినోద్ ఖోస్లా తదితరులు 1982లో పెట్టిన ఆ కంపెనీ, మరో మూడేళ్లలో ఎన్ఎఫ్ఎస్‌ను బయటికి తెచ్చింది. ఎక్కడో ఉన్న డిస్కును మన మిషన్‌లోనే ఉన్నట్టు వాడుకునే ఏర్పాటది. చిక్కల్లా, ఏ డిస్కు ఎక్కడుందో ప్రతి మిషన్‌లోనూ రాసిపెట్టి, బూట్ అయ్యేటప్పుడే అన్నిటినీ తగిలించుకోవాలి. ఒక్క సర్వర్ పడిపోతే దాన్ని ముట్టుకున్న ప్రోగ్రాములన్నీ బిగుసుకుపోయేవి. రెండు మిషన్లు ఒకదాని డిస్కు ఒకటి వాడుకుంటుంటే, కరెంటు పోయి వచ్చాక నువ్వు లేస్తే గానీ నేను లేవనని రెండూ ఆగిపోయే ప్రమాదం ఉండేది.

ఈ చిక్కు విప్పడానికి 1988లో, సన్ వాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్ సన్ఓఎస్ 4.0తో, పేరు పిలిచినప్పుడే డిస్కును తగిలించే ఆటోమౌంటర్ వచ్చింది. టామ్ లయన్, బ్రెంట్ కాలహన్ మరుసటి ఏడాది యూసెనిక్స్ సభలో దాని గుట్టు వివరించారు. ఈ దశ దగ్గరే ఎంతసేపైనా ఆగాలనిపిస్తుంది నాకు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో ఒక్క ముక్క మార్చకుండా వాళ్లు పని కానిచ్చారు. ఆటోమౌంటర్ మామూలు ప్రోగ్రామే, కానీ తానూ ఒక ఎన్ఎఫ్ఎస్ సర్వర్‌నేనని సొంత మిషన్ కెర్నల్‌ను నమ్మించేది. ఫలానా పేరుందా అని కెర్నల్ అడగగానే పట్టికలో వెతికి, అసలు డిస్కును స్లాష్ టీఎంపీ మౌంట్ అనే చాటుచోట తగిలించి, అక్కడికి దారి చూపే లింకును జవాబుగా ఇచ్చేది. మాన్యువల్ పేజీల్లాంటివి నాలుగు సర్వర్లలో ఉంటే నాలుగిటినీ పలకరించి, ముందు పలికిన దాన్ని తెచ్చుకునేది. ఇంత పొదుపైన ఎత్తుగడ నేను మరెక్కడా చూడలేదు.

దానికీ తిప్పలున్నాయి. నేనెక్కడున్నానని పీడబ్ల్యూడీ కొట్టి అడిగితే ఆ చాటుచోటి పేరు బయటపడేది. జనం దాన్నే స్క్రిప్టుల్లో రాసుకునేవారు. డిస్కు ఊడిపోయాక ఆ దారిన పోతే ఎవరూ పలికేవారు కాదు. లండన్ ఇంపీరియల్ కాలేజీలో జాన్-సైమన్ పెండ్రీ రాసిన ఏఎండీ అనే ఆటోమౌంటర్ మరో మెట్టు ఎక్కింది. చచ్చిన సర్వర్ కోసం ఎదురుచూస్తూ తాను మాత్రం ఆగిపోయేది కాదు. 1993లో కాలహన్, సతీందర్ సింగ్ కలిసి, పిలుపు కోసం కనిపెట్టుకుని ఉండే కాపలా పనిని కెర్నల్‌లోకే చేర్చారు, దాంతో లింకుల నాటకం ముగిసింది. లైనక్స్‌కు 1997లో హెచ్. పీటర్ ఆన్విన్ ఆటోఎఫ్ఎస్ రాశాడు. తర్వాత ఇయన్ కెంట్ ఏళ్ల తరబడి దాన్ని సాకుతూ వచ్చాడు.

ఆటోమౌంటర్ చలామణిలో ఉన్న ఆ రోజుల్లో కంప్యూటర్ ల్యాబ్‌లో ఏ మిషన్ ముందు కూర్చుని లాగిన్ అయినా మన హోమ్ ఫోల్డర్ మన వెంటే వచ్చేది. ఇప్పుడు ఎవరి ల్యాప్‌టాప్ వారిదే. పక్క బెంచీ వాడికి ఫైలివ్వాలన్నా ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌కు ఎక్కించి దించాల్సిందే. ఒకే గదిలో ఉన్న మిషన్లు పేరు పెట్టి పిలుచుకునే ఆ అలవాటు పోవడం నాకు నిజమైన నష్టంగానే తోస్తుంది.

ఆటోఎఫ్ఎస్ మాత్రం పోలేదు. 2010లో వచ్చిన, లైనక్స్‌ను లేపి నడిపే సిస్టమ్‌డీ, బూట్ త్వరగా అవ్వాలని, దాన్నే పనిలో పెట్టుకుంది. నెట్‌వర్క్ ఊసే లేని ఉబుంటు ల్యాప్‌టాప్‌లో మౌంట్ అని కొట్టి చూడండి. బిన్‌ఎఫ్ఎంటీ మిస్క్ అనే పేరు పక్కన ఆటోఎఫ్ఎస్ అని ఒక వరుస కనబడుతుంది.