పచ్చిక కొండలపై నడక హక్కు

ఇంగ్లండు ఉత్తరభాగమున సెడ్బర్ పట్టణమునకు ఎగువన హౌగిల్ కొండలు కలవు. ఇవి నున్నని గడ్డికొండలు. వీనిలో మిక్కిలి ఎత్తైన కాఫ్ శిఖరము 676 మీటర్లు. పైభాగమున గోడలు అరుదు; గొఱ్ఱెలు మేయు ఉమ్మడి బీళ్లు విస్తారము.

ఉమ్మడి బీడన్నచో ఎల్లవారును తిరుగవచ్చునని మనము తలచెదము. అచట చట్టము అట్లుండలేదు. ఉమ్మడి యన్నది మేపుహక్కు గల రైతులకే చెల్లెను. 1925 నాటి చట్టము పట్టణప్రాంతపు బీళ్లలో మాత్రమే జనులకు విహారహక్కు నొసగెను. తక్కినచోట్ల బాట విడిచి నడచువాడు చాలవరకు యజమానుల దయపై ఆధారపడెను.

1932 ఏప్రిల్ 24న, దక్షిణముగా డెర్బీషైరులోని కిండర్ స్కౌట్ మెట్టపై వందలాది జనులు అనుమతి లేకయే నడచిరి. వారిలో ఐదుగురు అలజడి మున్నగు నేరములపై చెరసాల పాలైరి. 1949 నాటి చట్టము జాతీయోద్యానములకు దారి తీసెను గాని, బీళ్లపై ప్రవేశమును ప్రధానముగా ఒడంబడికలకే విడిచెను. పటములలో గుర్తించిన కొండలపైనను, నమోదైన ఉమ్మడి బీళ్లపైనను కాలినడక హక్కు 2000 నాటి చట్టముతో సిద్ధించెను.

అంతకు మున్నే, 1972లో, ఆల్ఫ్రెడ్ వెయిన్‌రైట్ హౌగిల్ నడకలపై గ్రంథము వెలువరించెను. పదమూడేండ్లకే బడి విడిచి కచేరీలో చేరిన ఈయన, కెండల్ పురపాలక కోశాధికారియై, పటములను స్వహస్తముతో గీసెను. కలము పట్టి బ్రదికిన మావంటివారికి ఈయన ఆప్తుడుగా తోచును.

హక్కు వచ్చినను రైతు మేపు పోలేదు. మార్చి 1 మొదలు జూలై 31 వరకు, మందల సమీపమున ఎల్లప్పుడును, కుక్కను పొట్టి త్రాటితో పట్టవలెనని ఆ చట్టమే విధించెను. ఉమ్మడి నేల ఇరువురికిని దక్కుట కిదియే మార్గమని మేము భావింతుము.