హాన్‌ఫర్డులో చల్లారిన రియాక్టరు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, కొలంబియా నది ఒడ్డున హాన్‌ఫర్డు అనే చోట, 1944 సెప్టెంబరు 27వ తేదీన అర్ధరాత్రి దాటాక ఒక పెద్ద రియాక్టరు 9 మెగావాట్ల శక్తికి చేరుకుంది. దాని పేరు ‘బి’ రియాక్టరు. దానిని 250 మెగావాట్లకు ఉద్దేశించి కట్టారు. అయితే కొద్ది గంటలు గడిచేసరికి శక్తి దానంతటదే తగ్గసాగింది. నియంత్రణ కడ్డీలను వెలికి లాగినా ఫలితం తాత్కాలికమే అయింది. సాయంత్రానికి రియాక్టరు పూర్తిగా చల్లారింది. మరునాడు మళ్ళీ కోలుకుంది, శక్తి పెంచగానే మళ్ళీ చల్లారింది.

గొట్టాలలోని నీరు గ్రాఫైటులోకి కారుతున్నదేమోనని మొదట అనుమానించారు. అలాంటి లోపమేదీ కనబడలేదు. పైగా నీరు కారితే ఆగిపోవాలి గాని, తనంతట తాను కోలుకోవడమెందుకు?

రియాక్టరు భౌతికశాస్త్రమంటే చాలావరకు న్యూట్రానుల జమాఖర్చే. యురేనియం-235 కేంద్రకం ఒకటి చీలితే రెండో మూడో న్యూట్రానులు వెలువడతాయి. కొన్ని బయటికి పోతాయి. కొన్నింటిని యురేనియం-238 మింగి ప్లుటోనియంగా మారుతుంది. గ్రాఫైటు, అల్యూమినియం, నీరు కూడా తలా కొంచెం తీసుకుంటాయి. ఇన్ని ఖర్చులు పోగా సరాసరి ఒక న్యూట్రాను మిగిలి మరో కేంద్రకాన్ని చీల్చగలిగితేనే శృంఖలా చర్య నిలుస్తుంది. సహజ యురేనియంలో 1000 పాళ్ళకు 7 పాళ్ళు మాత్రమే 235 రకం కనుక, మిగులు ఎప్పుడూ బొటాబొటీయే. కొత్త ఖర్చు ఒక్కటి వచ్చిపడితే చాలు, పద్దు తలక్రిందులవుతుంది.

ఆ ఖర్చు ఏదో పట్టుకున్నవాడు జాన్ వీలర్. చల్లారడానికీ కోలుకోవడానికీ పట్టిన గంటలను లెక్కించి, విచ్ఛిత్తి శకలాలలో ఆ కాలాలకు సరిపడేదేదని వెదికాడు. విచ్ఛిత్తి వల్ల ముందు అయొడిన్-135 పోగవుతుంది. దాని అర్ధాయువు సుమారు ఆరున్నర గంటలు. అది క్షీణించి జినాన్-135 అవుతుంది, దీని అర్ధాయువు సుమారు తొమ్మిది గంటలు. న్యూట్రానులను మింగడంలో ఈ జినాన్‌కు సాటి లేదు. నియంత్రణ కడ్డీలకు వాడే కాడ్మియం కన్నా ఇది నూరు రెట్లకు పైగా ఆబగలది. విషం పెరిగితే రియాక్టరు ఆగుతుంది, ఆగాక జినాన్ క్షీణిస్తే మళ్ళీ బ్రతుకుతుంది.

1942 డిసెంబరు 2న షికాగోలో ఫెర్మి బృందం నడిపిన తొలి రియాక్టరులో ఇది ఎందుకు బయటపడలేదని విద్యార్థులు అడగవచ్చు. దాని శక్తి ఆనాడు అర వాటు మాత్రమే. అంత కొద్ది విచ్ఛిత్తిలో పుట్టే జినాన్ లెక్కకు రాదు.

కారణం తెలిసినంత మాత్రాన విషం పోదు గదా! ఇక్కడ ఇంజనీర్ల ముందుచూపు ఆదుకుంది. షికాగో భౌతికశాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం ఇంధనానికి 1500 గొట్టాలు చాలు. అవి గ్రాఫైటు దిమ్మెలో గుండ్రంగా అమరుతాయి. దిమ్మె చదరం కనుక మూలలు ఖాళీగా ఉంటాయి. నిర్మాణం చేపట్టిన డ్యూపాంట్ కంపెనీ ఇంజనీర్లు, రసాయన కర్మాగారాలలో అలవాటైన జాగ్రత్తతో, ఆ మూలలలో మరి 504 గొట్టాలకు చోటు చేశారు. విచ్ఛిత్తి శకలాలు విషమవుతాయేమోనన్న శంక వీలర్‌కు అంతకు ముందే ఉండేది. యుద్ధకాలంలో ఇదంతా వృథా కాలయాపన అని షికాగోవారిలో కొందరు విసుక్కున్నారు. లెక్క తప్పని కాదు, లెక్కలో లేని వస్తువు ఒకటి ఉండిపోయింది.

గొట్టాలు పెరిగితే ఇంధనం పెరగడమే గాక, ఘనపరిమాణంతో పోల్చి చూస్తే ఉపరితలం తగ్గి, బయటికి పారిపోయే న్యూట్రానులు తగ్గుతాయి. అలా మిగిలినవి జినాన్‌కు ఆహారంగా సరిపోయాయి. 2004 గొట్టాలూ నింపాక 1945 ఫిబ్రవరిలో రియాక్టరు పూర్తి శక్తిని అందుకుంది. హాన్‌ఫర్డు ప్లుటోనియంతో చేసిన బాంబు అదే సంవత్సరం ఆగస్టు 9న నాగసాకిపై పడింది.

నాటినుండి రియాక్టరు గర్భాన్ని రూపొందించే ప్రతివారూ జినాన్‌కు వాటా కేటాయించక తప్పడం లేదు. అధిక శక్తితో నడుస్తున్న రియాక్టరును ఆపితే జినాన్ వెంటనే తగ్గదు, కొన్ని గంటలపాటు పెరుగుతుంది. దానిని తినే న్యూట్రానులు లేవు, దానిని కనే అయొడిన్ మాత్రం ఇంకా ఉంది. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో శక్తి బాగా పడిపోయి జినాన్ పోగైనప్పుడు, దానిని అధిగమించడానికి కడ్డీలను మితిమీరి వెలికి తీశారు. ఆనాటి ప్రమాదకారణాలలో అదొకటి.

‘బి’ రియాక్టరును 1968లో ఆపివేశారు. 2008లో అది జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపు పొందింది. చూడవచ్చినవారికి 2004 గొట్టాల ముఖాలూ, మూలలలోనివి సహా, వరుసలు తీరి కనిపిస్తాయి.